మొదటి నూటయాభై కిలోమీటర్లు

చిన్న మంగళారం,
9 జూన్ 2024

జెన్నీకి,

వందనాలు. ఫోన్‌లో నీ నంబరు బ్లాక్ చేసింది నేనే. ఊళ్లో సిగ్నల్ సరిగ్గా రావడం లేదని మీ అన్న నీతో చెప్పి ఉంటాడు. ఆయనకు ఎవరి మనసూ నొప్పించడం చేతకాదు. నాకు చేతనవుతుంది కాబట్టి నిజం రాస్తున్నాను.

ఈ ఉత్తరాల ఆలోచన కూడా ఆయనదే. "నోటితోని అనుకుంటే మాటకు మాట పెరుగుతది. కాయితం మీద రాసుకోండ్రి, రాసేటప్పుడన్న జర ఆలోచిస్తరు. బోరు మోటార్ల పని మీద వారంల రెండుసార్లు చేవెళ్లకు పోనే పోత, తీస్కపోయి ఇస్త" అన్నాడు. వదినా ఆడబిడ్డల మధ్య టపా మోయడానికి ఒప్పుకున్న మగవాణ్ణి నేనెక్కడా చూడలేదు. అంటించిన కవరు ఆయన విప్పడు. అది నీకూ తెలుసు.

ఈస్టరు రోజు మీ ఇంట్లో పది మంది అన్నం తింటుండగా నువ్వు అన్న మాట నేను మరిచిపోలేదు. "నాలుగో నెలల బండెక్కమని ఎవరన్నరు? కూసోనికి రాకపోతే పడనే పడ్తరు." పోయిన ఆగస్టులో ఎంకపల్లి దగ్గర నేను పడింది కూర్చోవడం రాక కాదు. వాన వెలిసి రోడ్డు తడిగా ఉంది. మేక అడ్డం వస్తే మీ అన్న బ్రేకు పట్టాడు. వెనక చక్రం పక్కకు జారిపోయింది. నా మోచేయి గీసుకుపోయింది, అంతే కనిపించింది. కనిపించనిది దవాఖానలో పోయింది.

ఆ బండికి ఇప్పటికీ కొన్నప్పుడు వచ్చిన కంపెనీ టైర్లే ఉన్నాయి. ఎక్కువ రోజులు నడవాలని గట్టి రబ్బరుతో సన్నగా చేస్తారట. ఎండలో బాగానే పోతాయి. తడిలో సబ్బు మీద కాలు పెట్టినట్టే. మా స్కూల్లో ఆటల సారు తన బండికి అవి తీసేయించి కొంచెం వెడల్పువి, మెత్తటి రబ్బరువి వేయించుకున్నాడు. మలుపులో బండి రోడ్డును కరుచుకుని పోతుందంటాడు. మీ అన్నతో చెబితే "ఇంక పదివేల కిలోమీటర్లు నడుస్తయ్, ఎందుకు పారెయ్యాలె" అంటాడు. క్రాంతి తమ్ముడు, అదే మీ ఆయన, చెబితే వింటాడు. చేవెళ్లలో టైర్ల షాపు పెట్టుకున్న ఆడబిడ్డ మొగుడు ఉండి కూడా నేను బతిమాలాల్సి వస్తోంది. ఆ రోజు బండికి గాలి కొట్టిందీ అక్కడే కదా, బండి సంగతి ఆయనకు తెలుసు.

మా వెనక చామంతి తోట ప్లాట్లయింది. ఇప్పుడు అక్కడ తెల్ల రాళ్లే పూశాయి.

నాకోసం ప్రార్థన చేయమని అడగను. టైర్ల సంగతి అడుగు, చాలు.

ఎస్తేర్


ఆలూరు,
13 జూన్ 2024

ప్రభువునందు ప్రియమైన వదినకు,

జెన్నీ వందనాలతో రాసేది. ప్రియమైన అని రాశాక నీ ఉత్తరం ఇంకోసారి చదివాను. కొట్టేద్దామనుకున్నాను గానీ కాయితం ఖరాబవుతుందని వదిలేశాను.

గాలి కొట్టిందీ అక్కడే కదా అని రాశావు. అంటే మా ఆయన గాలి ఎక్కువ కొట్టి మిమ్మల్ని పడేశాడనా? ఈ మాట పది నెలలుగా నీ కడుపులో ఉందన్నమాట. ఆయనకు చూపించలేదు. చూపిస్తే ఆ రాత్రి అన్నం తినడు. పంక్చరు వేసిన ట్యూబును కూడా మూడుసార్లు నీళ్లలో ముంచి చూసే మనిషి ఆయన.

ఈస్టరు రోజు నేనన్న మాట తప్పే. కానీ ఒకటి అడుగుతాను. మీరు పడిన సంగతి మాకు ఎప్పుడు చెప్పారు? మూడు రోజుల తర్వాత, అన్నీ అయిపోయాక. అమ్మకు ఫోన్ చేసి చెప్పింది అన్న. నువ్వు ఫోన్ ముట్టుకోలేదు. పుట్టి ఉంటే ఆ బిడ్డకు నేను మేనత్తను. నాలుగు గౌన్లు కుట్టి పెట్టాను. అవి ఇప్పటికీ కుట్టుమిషను సొరుగులో ఉన్నాయి. ఆ రోజు నోట్లోంచి వచ్చింది ఆ కోపమే. నీకు అర్థమవుతుందని కాదు, రాయాలనిపించి రాశాను.

టైర్ల గురించి అడిగాను. మా ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను. "కంపెనీ టైర్లు చెడ్డవి కాదు, గని తడిల పట్టు తక్కువనే. వదిన చెప్పింది కరెక్టే. ఆ రిమ్ముకు ఒక్క సైజు పెంచొచ్చు, అంతకు మించి వెడల్పు వేస్తే టైరు నొక్కుకపోయి బండి ఇంక సతాయిస్తది. ముంగటిది, ఎనకది రెండు ఒక్కసారే మార్చాలె. తెప్పిస్త. బావను శనివారం 22 నాడు రమ్మను." ముందు రోజే బండి షాపులో వదిలేసి బస్సులో ఇంటికి వెళ్లమను, పొద్దున్నే పని మొదలుపెడతాడు.

అమ్మ ఇక్కడే ఉంది. మోకాలి నొప్పి కొంచెం నయం. నువ్వు ఉత్తరం రాశావంటే "ఏమని రాసిందే?" అని నాలుగుసార్లు అడిగింది. క్షేమమని రాసిందని చెప్పాను.

జెన్నీ


చిన్న మంగళారం,
16 జూన్ 2024

జెన్నీ,

మేనత్తవని రాశావు. నాలుగు గౌన్లు కుట్టినందుకు అంత దుఃఖం ఉంటే, మోసినదానికి ఎంత ఉండాలో లెక్క వేసుకో. ఆ గౌన్ల సంగతి నాకు ఎందుకు రాశావు? నన్ను ఏడిపించడానికే. ఏడ్చాను. సంతోషమా?

గాలి మాట నేను అనుమానంతో రాయలేదు. బండి ఆయనకు తెలిసిన బండి అని చెప్పడానికి రాశాను. నీకు అలా కనిపించిందంటే లోపల ఏదో ఉండబట్టే కనిపించింది.

ఇంకో సంగతి. నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. విని, "నాకు చెల్లె లేదనుకుంట" అన్నాడు. నీకు తెలియడం మంచిదని రాస్తున్నాను. ఆయన నీతో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడతాడు, ఆయన తీరు అది. నువ్వు మోసపోకు.

శుక్రవారం బండి వదిలిపెడతాడు. మా స్కూలు తెరిచారు. ఒకటో తరగతిలో ముప్పై మంది, ఒకటే ఏడుపు. పాత టైర్లు పడేయొద్దని క్రాంతి తమ్ముడికి చెప్పు. పెరట్లో గుమ్మడి పాదుకు అంచుగా వాడతాను.

ఎస్తేర్


చేవెళ్ల, షాపు నుంచి
22 జూన్ 2024, శనివారం

వదినకు,

ఈసారి ప్రియమైన అని రాయలేదు, చూసుకో.

టైర్లు వేయడం అయిపోయింది. మా ఆయన పొద్దున ఏడింటికే మొదలుపెట్టి తొమ్మిదికల్లా రెండు చక్రాలూ బిగించాడు. గాలి పట్టి మీటరు నాతో కూడా చదివించాడు. నేనే చదువుతానని పట్టుబట్టాను, రేపు నువ్వు మళ్లీ గాలి మాట ఎత్తకుండా. తర్వాత వికారాబాద్ రోడ్డు మీద లారీ టైరు పగిలిందని ఫోన్ వస్తే సామాను వేసుకుని వెళ్లాడు. షాపులో నేనే కూర్చున్నాను.

అన్న పదకొండింటికి వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెనక టైరు మీద చెయ్యి పెట్టి నిమిరి, "జెన్నీ, కొత్త బండి లెక్క కొడుతున్నది గదనే" అన్నాడు. నేను మాట్లాడలేదు. "ఏమైందే, నోట్లె నీళ్లు పోసుకున్నవా?" అన్నాడు. తాళం చెవి బల్ల మీద పెట్టి కుట్టుపని చేతిలోకి తీసుకున్నాను. "సరే తియ్, చాయ్ తాగొస్త, వదినకు ఉత్తరం ఉంటే రాసియ్యి" అని ఎదురుగా హోటల్‌కు పోయాడు. ఇప్పుడు అక్కడే కూర్చుని నా వైపు చూస్తున్నాడు. చెల్లెలు లేనివాడితో ఏ చెల్లెలు మాట్లాడుతుంది? ఆ మాట అన్న మనిషి ఇలా నవ్వగలడని నాకు ఇన్నాళ్లూ తెలియదు. నువ్వు చెప్పబట్టి తెలిసింది. ఆ మేలు మరిచిపోను.

టైర్లతో పాటు నీ మనసు కూడా మారిస్తే బాగుండేది. ఆ సైజు మా షాపులో దొరకదు.

చివరగా ఒకటి, మరిచిపోయేలోపు రాస్తున్నాను. మా ఆయన వెళ్తూ వెళ్తూ అన్నకు చెప్పమని రెండుసార్లు చెప్పిన మాట ఇది. "కొత్త టైరు మీద మైనం పూసినట్టు నున్నదనం ఉంటది. మొదటి నూటయాభై కిలోమీటర్లు మెల్లగ నడపాలె. మలుపుల్ల బండి వంచొద్దు, బ్రేకు గుంజి పట్టొద్దు. తడి ఉంటే ఇంక జాగ్రత్త. పైన గరుకు తేలినంకనే పట్టు వస్తది. గప్పటిదాక పాతవాటి కంటె ఎక్కువ జారుతయ్. బావకు తప్పకుండ చెప్పు." నేను చెప్పను. ఇంటికి వచ్చాక నువ్వే చెప్పు. అంతదాకా ఎలాగూ ముసలాయన లాగా మెల్లగానే వస్తాడు.

చినుకులు మొదలయ్యాయి. చాయ్ అయిపోయినట్టుంది, లేస్తున్నాడు. కవరు అంటిస్తున్నాను.

జెన్నీ


ఆలూరు,
4 ఆగస్టు 2024

వదినకు,

అన్న లేడు కాబట్టి ఇది పోస్టులో వేస్తున్నాను. ఎన్ని రోజుల్లో చేరుతుందో తెలియదు. ఇంతకుముందు రెండు గంటల్లో చేరేది.

భూస్థాపన రోజు నువ్వు నన్ను చూడలేదు. ఆదరణ కూడిక రోజు నీ పక్కన వచ్చి కూర్చుంటే లేచి వెళ్లి వెనక వరుసలో కూర్చున్నావు. నలుగురూ చూశారు. నాకు కోపం లేదు. అమ్మ నిన్ను అన్న మాటలకు నేను సిగ్గుపడ్డాను. "కొత్త టైర్లు కావాలె, కొత్త టైర్లు కావాలె అని నా కొడుకును తిన్నవ్. పాత టైర్లు నాలుగేండ్లు సాకినయ్, నీ టైర్లు ఇరవై కిలోమీటర్లు గూడ సాకలే" అని శవం ముందు అన్నది. అక్కడ నేను ఆపాల్సింది. ఆపలేదు.

ఆ శనివారం దారిలో ఫాంహౌసు గేటులోంచి నీళ్ల ట్యాంకరు వెనక్కి రాకపోతే అన్న బ్రేకు పట్టేవాడు కాదు. ఆ డ్రైవరును పోలీసులు పట్టుకుని వదిలేశారట. బండి దానంతట అదే జారి చక్రం కిందికి వచ్చిందని చూసినవాళ్లు చెప్పారట.

ఇక్కడ మా ఆయన పరిస్థితి బాగా లేదు. చేవెళ్లలో అందరూ "సొంత బామ్మర్దికి వేసిన టైర్లే జారినయ్" అంటున్నారు. ఒకాయన టైర్లు బుక్ చేసి మళ్లీ వద్దన్నాడు. ఆ రకం టైరే ఇంకొకటి షాపులో ఉంది. పొద్దున వచ్చి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. రోజూ నన్ను ఒకటే అడుగుతాడు. "బావకు చెప్పినవ్ గద?" "చెప్పిన" అంటాను.

వదినా, ఆ రోజు అన్న చేతికి ఒక ఉత్తరం ఇచ్చాను. అది నీకు అందిందా? ముఖ్యమైనదేమీ లేదు. ఊరికే అడుగుతున్నాను.

నీ ఆరోగ్యం చూసుకో.

జెన్నీ


చిన్న మంగళారం,
16 ఆగస్టు 2024

జెన్నీ,

నీ ఉత్తరం ఎనిమిది రోజులకు చేరింది.

పోలీసులు నాకు ఒక కవరు ఇచ్చారు. అందులో మీ అన్న పర్సు, ఫోను, తాళం చెవి ఉన్నాయి. సంతకం పెట్టి తీసుకున్నాను.

స్కూలుకు మళ్లీ వెళ్తున్నాను. పిల్లలు మొదటి రోజు నన్ను చూసి నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఎవరో ఇంట్లో చెప్పి పంపించి ఉంటారు. రెండో రోజుకు మరిచిపోయి అల్లరి మొదలుపెట్టారు. వాళ్ల ముందే నాకు కొంచెం ఊపిరి ఆడుతుంది.

అత్తమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. టైర్లు మార్పించమని పోరింది నేనే. రాత్రి పగలు అదే మాట వినిపిస్తుంది. అందుకే నిన్ను ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. కొత్త టైర్లు మొదట్లో జారుతాయట కదా, మా ఆటల సారు ఇప్పుడు చెప్పాడు. ఆ సంగతి మీ అన్నకు ఎవరైనా చెప్పారా? చెబితే ఎవరు చెప్పారు? ఆయన ఏమన్నాడు?

నిజం రాయి. ఏ నిజమైనా సరే నేను మోయగలను. నీ మీద కోపం తెచ్చుకోను. ప్రమాణం చేసి రాస్తున్నాను. నిజం ఒక్కటి నా చేతిలో పెడితే, అత్తమ్మ ముందు నేను నోరు విప్పను, నిన్నూ విప్పమనను.

ఎస్తేర్


ఆలూరు,
25 ఆగస్టు 2024

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నీ మనసు ఇంత మెత్తనిదని నాకు తెలియక ఎన్నో అన్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు. మా ఆయన లారీ పనికి వెళ్లే ముందు నాకు చెప్పాడు. అన్న రాగానే నేను చెప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు. "అన్నా, నూటయాభై కిలోమీటర్ల దాక పైలం, బ్రేకు గట్టిగ పట్టకు" అన్నాను. అన్న నవ్వాడు. "నాకు నేర్పుతున్నవానే? పదిహేనేండ్ల సంది బండి నడుపుతున్న" అన్నాడు. షాపు ముందే బండి ఎక్కి ఒక్కసారి రేసు ఇచ్చి పోయాడు. చినుకులు పడుతున్నాయి, ఆగమన్నాను. ఆగలేదు.

చనిపోయినవాళ్ల మీద చెప్పకూడదు. కానీ నువ్వు నిజం అడిగావు. తప్పు నీది కాదు, మా ఆయనది కాదు. అన్న వినలేదు, అంతే. ఇదే మాట అమ్మకూ చెప్పాను, ఇక నిన్ను ఏమీ అనొద్దని. "నా కొడుకుకు దుడుకు ఎప్పుడున్నదే?" అన్నది. తర్వాత నమ్మింది. ఇక నీకు మనశ్శాంతి ఉంటుంది.

ఈ ఆదివారం చర్చిలో నీ పేరు చెప్పి ప్రార్థన చేయించాను.

నీ జెన్నీ


చిన్న మంగళారం,
1 సెప్టెంబరు 2024

జెన్నీ,

పోలీసులు ఇచ్చిన కవరులో నాలుగో వస్తువు కూడా ఉంది. మీ అన్న చొక్కా జేబులో దొరికిన నీ ఉత్తరం. ఒక మూల తడిసింది, అక్షరం చెదరలేదు. అంటించిన కవరు అంటించినట్టే ఉంది.

"నేను చెప్పను. ఇంటికి వచ్చాక నువ్వే చెప్పు." నీ రాత నేను గుర్తుపట్టలేనా?

భూస్థాపన ముందు రోజు చదివాను. ఆయన్ను ఇంట్లో పడుకోబెట్టి ఉంచారు, పక్కగదిలో నిలబడి చదివాను. అప్పుడే బయటికి వచ్చి అత్తమ్మ చేతిలో పెట్టి ఉంటే ఆ మాటలు నేను పడేదాన్ని కాదు. పెట్టలేదు. ఉన్న ఒక్క కొడుకు పోయాడు, ఇక ఆమెకు మిగిలింది నువ్వు. నిన్ను కూడా పోగొట్టడం ఎందుకని శవం ముందు ఆ తిట్లన్నీ తిన్నాను. రెండు నెలలు తిన్నాను. నువ్వు అడిగినప్పుడు కూడా ఉత్తరం సంగతి ఎత్తకుండా, నీ అంతట నువ్వే చెబుతావని తలుపు తెరిచి పెట్టాను.

నువ్వు ఏం చేశావు? ఆయన్ను దుడుకువాణ్ణి చేశావు. రేసు ఇచ్చాడని రాశావు. నా ముందర ఒక్కనాడు రేసు ఇవ్వని మనిషి, నువ్వే ముసలాయన లాగా మెల్లగా వస్తాడని రాసిన మనిషి. ఆయన నోట్లో లేని మాటలు పెట్టావు. చచ్చినవాడు వచ్చి కాదనలేడని. కన్నతల్లికి కూడా అదే చెప్పి నమ్మించావు.

ఇక విను. ఈ సంగతి నువ్వు ఎవరికీ చెప్పొద్దు. చెబితే క్షమిస్తారు. క్రాంతి తమ్ముడు క్షమిస్తాడు, అంత మంచివాడు. పాస్టరుగారు నెత్తిన చెయ్యి పెడతారు. కన్నది కాబట్టి అత్తమ్మ కూడా ఒకరోజు దగ్గరికి తీసుకుంటుంది. నీకు క్షమాపణ దొరకడం నాకు ఇష్టం లేదు. రోజూ నీ మొగుడు "చెప్పినవ్ గద" అని అడగాలి, రోజూ నువ్వు "చెప్పిన" అనాలి. ఆ మనిషి ఆ టైరు మీద చెయ్యి పెట్టుకుని కరిగిపోతుంటే చూస్తూ అన్నం వడ్డించాలి.

ఆ ఉత్తరం నేను ఎవరికీ చూపించను. నువ్వు కాళ్లు పట్టుకుని అడిగినా చూపించను.

ఎస్తేర్


ఆలూరు,
17 నవంబరు 2024

వదినా,

నువ్వు చెప్పొద్దన్నా చెప్పేశాను. రెండు నెలలకు మించి మోయలేకపోయాను.

ముందు మా ఆయనకు చెప్పాను. షాపులో నట్టు బిగిస్తున్నాడు. "నేను అన్నకు చెప్పలే. ఆ రోజు కోపంల మాట్లాడనే లే" అన్నాను. పాన కింద పెట్టాడు. "నా మనసు కుదుట పడాలని అంటున్నవ్" అన్నాడు. కాదన్నాను. "నాలుగు నెలలు చెప్పిన, చెప్పిన అన్నదానివి. ఇయ్యాల చెప్పలే అంటె నమ్మాల్నా? బావకు నువ్వు చెప్పినవ్. చెప్పినంక గూడ జారిందంటె నేను వేసుట్లనే ఏదో తప్పయింది. నా తప్పు నీ నెత్తిన వేస్కోకు జెన్నీ" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని, ఇంత ప్రేమ ఉన్న భార్య దొరకడం తన అదృష్టమని అన్నాడు. ఆ మాటకు బదులు నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

సాలోమోను పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. అన్నీ విని, "దుఃఖంల మనిషి లేని నేరం గూడ మీద వేసుకుంటదమ్మా" అన్నారు. ప్రార్థన చేసి పంపించారు.

అమ్మకు చెబితే ఏం జరిగిందో నీకు తెలుసు, ఆమె నీ దగ్గరికే వచ్చింది కాబట్టి. "మొగుని కాపాడుకోనీకి అబద్ధమాడుతున్నవ్. కాపాడుతున్నవంటె వాడేదో చేసిండన్నట్టే. ఎస్తేరును అన్యాయంగ తిట్టిన, పోయి దాని కాళ్ల మీద పడ్త" అని బట్టలు సర్దుకుంది. నేను నిజం చెప్పిన రోజు నుంచే ఊరు మొత్తం మా ఆయనే నేరస్థుడని నమ్ముతోంది. భార్య ఊరికే నేరం మీద వేసుకుంటుందా అంటున్నారు.

షాపు మూసేశాడు. సామాను అంతా ఇచ్చేశాడు. ఆలూరు అవతల ఒక ఫాంహౌసులో కాపలా పనికి పోతున్నాడు. బండి ముట్టుకోడు. నాలుగు కిలోమీటర్లు నడిచే వెళ్తాడు, నడిచే వస్తాడు.

నువ్వు సెప్టెంబరులో రాసిన ఉత్తరం ఉంటే సరిపోయేది. భయపడి అదే రోజు చింపి కాలువలో వేశాను. జూన్‌లో అన్న చెల్లె లేదన్నాడని నువ్వు రాసింది మాత్రం ఉంది. అది చూపిస్తే నేను ఎందుకు మాట్లాడలేదో తెలుస్తుంది, కానీ మాట్లాడలేదని రుజువు కాదు. అది ఎవరికీ చూపించలేదు. నీ పేరు చెడుతుందని ఆగాను.

ఆ ఒక్క కాయితం పంపు వదినా. పోస్టులో వద్దంటే ఫోటో తీసి పంపు. నా నంబరు తెరిచి ఒక్క నిమిషం ఉంచి మళ్లీ మూసేయి. నాకోసం కాదు. నన్ను వదిలేసి పోయినా సరే, ఆ మనిషి తన తప్పు కాదని తెలుసుకుని తిండి తినాలి. ఆయన నీకు ఏ అన్యాయం చేయలేదు.

జెన్నీ


చిన్న మంగళారం,
8 డిసెంబరు 2024

ప్రభువునందు ప్రియమైన జెన్నీకి,

వదిన ఎస్తేర్ ప్రేమతో వందనాలు తెలిపి రాసేది. ఇక్కడ నేను, అత్తమ్మ క్షేమం. అక్కడ నువ్వు, క్రాంతి తమ్ముడు క్షేమమని తలుస్తాను.

నువ్వు అడిగిన ఉత్తరం సంగతి నాకు తెలియదు. పోలీసులు ఇచ్చిన కవరులో మీ అన్న పర్సు, ఫోను, తాళం చెవి ఉన్నాయి. ఆగస్టులో నువ్వు అడిగినప్పుడే రాశాను. సెప్టెంబరులో నేను నీకు ఏ ఉత్తరమూ రాయలేదు. సాలోమోను పాస్టరుగారు చెప్పిందే సరైనదని నాకు అనిపిస్తుంది. నువ్వు బాగా నిద్రపోవాలి, వేళకు తినాలి.

నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది ఒప్పుకుంటున్నాను. మీ అన్న తనకు చెల్లె లేదనుకుంటానన్నాడని జూన్‌లో రాశాను. ఆయన ఆ మాట అనలేదు. నీ ఉత్తరం విని, "మేనత్త గద, దానికి గూడ దుఃఖం ఉంటది. గౌన్లు కుట్టుకున్నదట, పాపం. దాన్ని ఏమనకు" అన్నాడు. శనివారం పోయినప్పుడు నీతో కూర్చుని మాట్లాడతానన్నాడు. అందుకే, బండి కోసం సాయంత్రం వెళ్లినా సరిపోయేది గానీ, పొద్దున్నే బయలుదేరాడు. కోపంలో నేను వేరేగా రాశాను. విశ్వాసురాలివి కాబట్టి నువ్వు నన్ను క్షమిస్తావని తెలుసు. ఆ కాయితం నువ్వు ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు. అత్తమ్మకు నేనే చెప్పేశాను. నా తల నిమిరి, కోపంలో ఎవరైనా అంటారులే అన్నది.

అత్తమ్మకు ఇక్కడ బాగానే ఉంది. సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఉంటుంది. నా చేతి సంచి తీసుకుంటుంది. రాత్రి ప్రార్థనలో ముందు నా పేరు చెబుతుంది, తర్వాత మీ అన్న పేరు. క్రిస్మస్‌కు మీరు వస్తామంటే నాకేమీ లేదు గానీ, అల్లుడి మొహం చూడలేనని ఆమె అంటోంది. పెద్దామె మాట కాదనలేను. వచ్చే ఏడాది చూద్దాం.

ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఉంది. ఎవరికి రాస్తున్నావని అడిగింది. జెన్నీకి, అందరం క్షేమమని రాస్తున్నానని చెప్పాను. "నా మాట గూడ ఒకటి రాయి. మొగుని కోసమని గట్ల అబద్ధాలాడొద్దని రాయి" అన్నది.

రాశాను.

ప్రేమతో,
నీ వదిన ఎస్తేర్